కంప్యూటర్ల మీద తీసే డాక్యుమెంటరీల్లో కంప్యూటర్ ఎందుకు కనిపించడం లేదు?

పాతచిప్పు

ఈమధ్య వచ్చిన ఒక టెక్ డాక్యుమెంటరీ చూశాను. పేరు వద్దులెండి, ఈ పదేళ్లలో వచ్చినవాటిలో చాలావరకు అలాగే ఉన్నాయి. కంపెనీ పెట్టినాయన చిన్నతనం, గ్యారేజీ, పార్ట్‌నర్‌తో గొడవ, మధ్యమధ్యలో డ్రోన్ ఎగరేసి తీసిన ఆఫీసు భవనం, చివర్లో వయొలిన్లు. అన్నీ ఉన్నాయి, ఆయన తయారుచేసిన మెషీన్ తప్ప. దాని మూత ఒక్కసారి కూడా విప్పలేదు. లోపల ఏముంది, అంతకుముందు ఉన్నవాటికీ దీనికీ తేడా ఏంటి, ఒక్క ముక్క చెప్పలేదు.

చిరాకు తగ్గడానికి బీబీసీ 1982 జనవరిలో మొదలుపెట్టిన 'ది కంప్యూటర్ ప్రోగ్రామ్' పెట్టుకున్నాను. మొత్తం పది ఎపిసోడ్లు. క్రిస్ సెర్ల్ అనే యాంకర్ ఏమీ తెలియని ప్రేక్షకుడి తరఫున కూర్చుని అడుగుతుంటాడు, ఇయాన్ మెక్‌నాట్-డేవిస్ కీబోర్డు దగ్గర కూర్చోబెట్టి చెబుతుంటాడు. తొందర లేదు, వెనకాల సంగీతం వాయించేయడం లేదు. చూసేవాడికి బుర్ర ఉందని నమ్మి తీసినట్టుంటుంది, నాకు నచ్చేది అదే.

ప్రజల డబ్బుతో నడిచే చానల్ కాబట్టి అలా తీయగలిగారా, లేక ఆ కాలమే వేరా? ఇలాంటివి మీకు ఇంకేమైనా తెలిస్తే చెప్పండి, అన్నీ చూస్తాను.

ఫ్రేమ్_రేట్

కాలమే వేరు. 1982లో ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేస్తే ఖాళీ తెర, మినుకుమినుకుమనే కర్సర్. ఏదో ఒకటి టైప్ చేయకపోతే దానితో పనే లేదు, కాబట్టి టీవీ వాళ్లు ప్రోగ్రామింగ్ చెప్పక తప్పలేదు. ఇప్పుడు ఫోన్ లోపల ఏం జరుగుతుందో తెలియకపోయినా రోజు గడిచిపోతుంది. అవసరం లేనిదాన్ని గంటసేపు ఎవరు చూస్తారు?

మోడ్7

ఫ్రేమ్_రేట్ గారూ, అవసరం ఉంది కాబట్టి చెప్పారన్నంత తేలిగ్గా జరగలేదండీ అది. 1978లో బీబీసీ సైన్స్ సిరీస్ 'హొరైజన్'లో 'నౌ ద చిప్స్ ఆర్ డౌన్' అని ఒక ఎపిసోడ్ వచ్చింది. మైక్రోప్రాసెసర్ వస్తోంది, ఉద్యోగాలు ఏమవుతాయి అని దేశమంతా ఉలిక్కిపడేలా చేసింది. తర్వాతి ఏడాది ఐటీవీ అనే ప్రైవేటు చానల్‌లో కంప్యూటర్ల మీద క్రిస్టోఫర్ ఎవాన్స్ సిరీస్ వచ్చింది. భయపెట్టే డాక్యుమెంటరీలు అప్పుడూ ఉన్నాయి. బీబీసీ అక్కడితో ఆగకుండా, సరే, ఇది జనానికి అర్థమయ్యేలా చేయడం మన పని అనుకుంది. తెర మీద చూపించింది ఇంట్లో చేసి చూసుకోవాలంటే అందరి దగ్గరా ఒకే రకం మెషీన్ ఉండాలి కదా, అందుకని తమకు కావలసిన లక్షణాలన్నీ రాసి కంపెనీలను పిలిచింది.

చివరికి ఆ పని దక్కించుకున్న ఏకార్న్ కంపెనీ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన హెర్మన్ హౌసర్, తన ఇంజినీర్ సోఫీ విల్సన్ దగ్గరికి వెళ్లి వారంలో నమూనా చేయొచ్చని ఇంకో ఇంజినీర్ స్టీవ్ ఫర్బర్ అంటున్నాడన్నాడు, ఫర్బర్ దగ్గరికి వెళ్లి విల్సన్ అంటోందన్నాడు. ఇద్దరూ రాత్రింబవళ్లు కూర్చుని శుక్రవారం బీబీసీ వాళ్లు వచ్చేసరికి బోర్డు పనిచేసేలా చేశారు. అదే బీబీసీ మైక్రో. 2 మెగాహెర్ట్జ్ 6502 ప్రాసెసర్, బి మోడల్‌కి 32 కేబీ మెమరీ. మొదట్లో ఎ మోడల్ 235 పౌండ్లు, బి మోడల్ 335 పౌండ్లు. పన్నెండు వేలు అమ్ముడుపోతే గొప్ప అనుకున్నారు, చివరికి పదిహేను లక్షలు దాటింది.

టీవీ సిరీస్, దానికో పుస్తకం, దానికో మెషీన్, స్కూళ్లలో సాయం, పెద్దవాళ్లకు కోర్సులు, ఇవన్నీ ఒకే ప్లాను కింద నడిచాయి. లాభం చూసుకునే చానల్ ఇంత పని నెత్తికెత్తుకోదు.

సోల్డర్_సుబ్బు

దాని యూజర్ గైడ్ ఎవరైనా చదివారా? ఐదొందల పేజీల దాకా ఉంటుంది. ప్లగ్ ఎలా పెట్టాలో మొదలుపెట్టి, బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పించి, చివరికి ప్రాసెసర్ సొంత భాషకి దగ్గరగా ఉండే అసెంబ్లీ దాకా తీసుకెళ్తుంది. పైగా బేసిక్ ప్రోగ్రామ్ మధ్యలోనే స్క్వేర్ బ్రాకెట్ పెట్టి అసెంబ్లీ రాసుకోవచ్చు, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సోఫీ విల్సన్ రాసిన బేసిక్ అంటే అది. ప్రొసీజర్లు, ఫంక్షన్లు అన్నీ ఉండేవి. ఆ కాలంలో మిగతా ఇంటి కంప్యూటర్లలో ఎక్కువ భాగం గోటూ (ఒక లైను నుంచి ఇంకో లైనుకి దూకించే ఆదేశం) మీదే బతికాయి.

నిశాచరి_88

అందరూ బీబీసీకి హారతులు పడుతున్నారు గానీ నాకో అభ్యంతరం. ప్రజల డబ్బుతో నడిచే సంస్థ ఒక ప్రైవేటు కంపెనీ పెట్టె మీద తన పేరు ముద్ర వేసి, వారం వారం దాన్నే టీవీలో చూపించడం న్యాయమా? అదే 1982 ఏప్రిల్‌లో సింక్లెయిర్ స్పెక్ట్రమ్ వచ్చింది. 16 కేబీది 125 పౌండ్లు, 48 కేబీది 175 పౌండ్లు. మామూలు ఇళ్లలోకి వెళ్లింది అదీ, గేములు రాసిన పిల్లలంతా పుట్టింది అక్కడా. బీబీసీ మైక్రో స్కూలు వాళ్లూ, డబ్బున్నవాళ్లూ కొన్న మెషీన్. బీబీసీని నడిపే టీవీ లైసెన్సు ఫీజు మాత్రం అందరూ కట్టారు.

మోడ్7

ధర విషయంలో మీరన్నది నిజం, ఆ ధరకి చాలామంది కొనలేకపోయారు. కానీ సింక్లెయిర్‌ని పిలవకుండా ఏకార్న్‌కి కట్టబెట్టలేదు. మొదట న్యూబరీ కంపెనీ వాళ్ల న్యూబ్రెయిన్ అనే కంప్యూటర్ అనుకున్నారు, అది తెమలకపోతే మిగతా కంపెనీలను చూశారు, వాటిలో సింక్లెయిర్ కూడా ఉంది. బీబీసీకి కావలసినవి పెద్ద కీబోర్డు, విస్తరించుకోవడానికి పోర్టులు, టెలిటెక్స్ట్ (టీవీ సిగ్నల్‌తో పాటు వచ్చే అక్షరాల పేజీలు) తెర. స్పెక్ట్రమ్ రబ్బరు కీల మీద తరగతి గదిలో ఏడాది పొడవునా పిల్లలు టైప్ చేయడం ఊహించుకోండి.

నిశాచరి_88

ఆ రబ్బరు కీల మీదే ఒక తరం మొత్తం టైప్ చేసింది సార్ 🙂

ఫ్రేమ్_రేట్

ఈ గొడవ మీదే బీబీసీ ఫోర్ 2009లో 'మైక్రో మెన్' అని డ్రామా తీసింది. క్లైవ్ సింక్లెయిర్‌గా అలెగ్జాండర్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఏకార్న్ పెట్టినవాళ్లలో ఒకడైన క్రిస్ కర్రీగా మార్టిన్ ఫ్రీమన్. డాక్యుమెంటరీ కాదు గానీ పాతచిప్పు గారు అడిగిన లిస్టులో వేసుకోవచ్చు. అందులో బోర్డులు, వైర్లు కనిపిస్తాయి.

అక్షరపిచ్చి

నాది కొంచెం పక్కదారి, అయినా ప్రశ్నకి దగ్గరే. డిజైన్ డాక్యుమెంటరీల్లో ఆ ఓపిక ఇంకా ఉంది. గ్యారీ హస్ట్‌విట్ 2007లో తీసిన 'హెల్వెటికా' చూడండి. ఒక ఫాంట్ మీద సినిమా! 1957లో స్విట్జర్లాండ్‌లో మాక్స్ మీడింగర్ గీసిన అక్షరాలు, ఊళ్లలో బోర్డుల మీద, బస్సుల మీద, పన్ను కాగితాల మీద ఎలా పాకిపోయాయో చూపిస్తాడు. డిజైనర్ మసీమో విన్యెల్లి దాన్ని ప్రేమిస్తాడు, ఇంకో డిజైనర్ ఎరిక్ స్పీకర్‌మన్‌కి అదంటే పడదు, ఇద్దరి మాటా పూర్తిగా వినిపిస్తాడు.

అందులో నాకు ప్రాణం మాథ్యూ కార్టర్ మాట్లాడే చోటు. కొత్త ఫాంట్ మొదలుపెట్టేటప్పుడు ముందు చిన్న హెచ్ గీస్తానంటాడు. దాంతో నిలువు గీత మందం, ఎత్తు తేలిపోతాయి. తర్వాత ఓ గీస్తాడు, గుండ్రని చోట మందం ఎంతో తెలుస్తుంది. ఆ తర్వాత పి, ఎందుకంటే అందులో సగం నిలువు, సగం గుండ్రన. ఈ మూడూ కుదిరితే బీ, డీ, క్యూ వాటంతట అవే వచ్చేస్తాయి. రెండు నిమిషాల్లో ఒక మనిషి వృత్తి మొత్తం అర్థమైపోతుంది. పాతచిప్పు గారు అడుగుతున్న మూత విప్పడం అంటే ఇదే కదా?

పాతచిప్పు

సరిగ్గా ఇదే! ఆ హెచ్, ఓ, పి ముక్క నాకూ గుర్తుంది. చూసిన తర్వాత షాపు బోర్డు కనిపిస్తే చాలు, మొదట దాని ఓ చూసే అలవాటు పట్టుకుంది.

ఫ్రేమ్_రేట్

'హెల్వెటికా' ఒకటి సరే. డిజైన్ డాక్యుమెంటరీల్లో మిగతావన్నీ తెల్లగోడ, ఒక కుర్చీ, నల్లచొక్కా వేసుకున్న పెద్దాయన, 'తక్కువే ఎక్కువ' అనే ధోరణిలో నాలుగు మాటలు. వస్తువు అందంగా కనిపిస్తుంది, కానీ ఎలా తయారైందో మాత్రం చెప్పరు. టెక్ వాళ్లది డ్రోన్, వీళ్లది కుర్చీ, తేడా అంతే.

అక్షరపిచ్చి

అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా అండీ. ఆ హస్ట్‌విటే 2009లో తీసిన 'ఆబ్జెక్టిఫైడ్'లో కూరగాయల తొక్క తీసే పీలర్ పిడి సంగతి ఉంది. స్మార్ట్ డిజైన్ అనే సంస్థ వాళ్లు, చేతులు పట్టు తప్పినవాళ్లకి కూడా వీలుగా ఉండాలని మొదట సైకిల్ హ్యాండిల్ గ్రిప్ తొడిగి చూశారు. కీళ్లనొప్పులున్న మనిషికి సరిపోయేలా చేస్తే మిగతా అందరికీ సరిపోతుందన్న ఆలోచన. అదే సినిమాలో అప్పటి యాపిల్ డిజైనర్ జానీ ఐవ్ ల్యాప్‌టాప్ అల్యూమినియం చట్రం చేత్తో పట్టుకుని, ఒకే దిమ్మ నుంచి దీన్ని ఎలా చెక్కుతారో చెబుతాడు. 2018లో జర్మన్ డిజైనర్ డీటర్ రామ్స్ మీద తీసినది మాత్రం మీరన్నట్టు కొంచెం కుర్చీ సినిమానే, ఒప్పుకుంటాను. అయినా ఇప్పటి వస్తువుల గురించి ఆ పెద్దాయన పడే బాధ వినాల్సిందే. సంగీతం బ్రయన్ ఈనో.

2020 లాక్‌డౌన్‌లో హస్ట్‌విట్ తన సినిమాలన్నీ వారానికొకటి చొప్పున ఉచితంగా పెట్టాడు కూడా.

కుదురుగా_చూస్తా

డిజైనూ, ప్రజా ప్రసారమూ రెండూ కలిసినది కావాలంటే జపాన్‌కి వెళ్లండి. ఎన్‌హెచ్‌కే వాళ్ల విద్యా చానల్‌లో 2011లో మొదలైన 'డిజైన్ ఆ'. పిల్లల కార్యక్రమం. సాతో తాకు అనే డిజైనర్ పర్యవేక్షణ, కార్నీలియస్ సంగీతం. ఒక వస్తువు తీసుకుని ముక్కముక్కగా విడదీసి వరసగా పేర్చి చూపిస్తారు. వ్యాఖ్యానం దాదాపు ఉండదు, భాష రాకపోయినా ఇబ్బంది లేదు. మా చిన్నది అది చూసి గోడ గడియారం విప్పింది, మళ్లీ బిగించింది కూడా.

సోల్డర్_సుబ్బు

మళ్లీ బిగించిందంటే నాకంటే పెద్ద మెకానిక్కే 🙂

టేపురీలు

అమెరికా సంగతి ఎవరూ ఎత్తలేదేంటి. 'కంప్యూటర్ క్రానికల్స్' ఉందిగా. కాలిఫోర్నియాలో ఒక స్థానిక ప్రజా టీవీ స్టేషన్ నుంచి మొదలై దేశంలో చాలా పీబీఎస్ (అమెరికా ప్రజా టీవీ) స్టేషన్లకి పాకింది, 2002 దాకా నడిచింది. స్టూవర్ట్ షఫే హోస్టు, తొలి ఏళ్లలో పక్కన గ్యారీ కిల్డాల్. సీపీ/ఎమ్ రాసిన కిల్డాల్! తను రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ మార్కెట్ డాస్ చేతిలోకి వెళ్లిపోతున్న రోజుల్లో ఆ మనిషి అక్కడే కూర్చుని ఇతరుల ఉత్పత్తుల గురించి మర్యాదగా, ఆసక్తిగా ప్రశ్నలు అడుగుతుంటాడు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వందల ఎపిసోడ్లు ఉన్నాయి. ఏ ఎపిసోడ్ తీసుకున్నా, మెషీన్ టేబుల్ మీద ఉంటుంది, తయారుచేసినవాళ్లు దాన్ని నడిపి చూపిస్తారు, కొన్నిసార్లు అది అక్కడే మొరాయిస్తుంది కూడా.

ఇంకా 1992లో బోస్టన్ ప్రజా టీవీ స్టేషన్ డబ్ల్యూజీబీహెచ్, బీబీసీ కలిసి తీసిన 'ద మెషీన్ దట్ చేంజ్డ్ ద వరల్డ్', ఐదు భాగాలు. కంప్యూటర్ చరిత్ర మీద అంతకంటే ఒద్దికైన పని నేను చూడలేదు. ఎంత ముందుగా తీశారంటే తొలి కంప్యూటర్లు తయారుచేసినవాళ్లలో ఒకడైన కాన్రాడ్ జూజే బతికి ఉన్నాడు, ఆయనతోనే మాట్లాడారు. 1996లో వచ్చిన 'ట్రయంఫ్ ఆఫ్ ద నర్డ్స్' సరదాగా ఉంటుంది గానీ, పాతచిప్పు గారు తిట్టే 'కంపెనీ పెట్టినాయన కథ' ధోరణి అక్కడే మొదలైందని నా అనుమానం.

ఫ్రేమ్_రేట్

ఆ చివరి మాటతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను.

టేపురీలు

మర్చిపోయేలోపు ఇంకొకటి. నెదర్లాండ్స్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌ఓఎస్ 'హాబీస్కూప్' అని ఒక రేడియో కార్యక్రమం నడిపేది. అందులో ప్రోగ్రామ్‌లను శబ్దంగా ప్రసారం చేసేవారు. అవును, రేడియోలో కీచుమనే మోత వస్తుంది, దాన్ని క్యాసెట్ మీద రికార్డు చేసుకుని కంప్యూటర్‌కి తగిలిస్తే ప్రోగ్రామ్ లోడ్ అవుతుంది. ఒక్కో కంపెనీ కంప్యూటర్‌లో బేసిక్ ఒక్కో రకంగా ఉంటుంది కదా, ఒకే ప్రసారం అన్నిటిలో నడవాలని బేసికోడ్ అనే ఉమ్మడి రూపం తయారుచేశారు. ఏ కంపెనీకీ ఇందులో లాభం లేదు. ప్రజా రేడియో కాకపోతే ఇంకెవరు పూనుకుంటారు?

నిశాచరి_88

రేడియోలో సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడా! ఇది నాకు తెలియదు, అద్భుతం. టీవీలో కూడా ఇలాంటిదేదో ఉండేదని విన్నాను, ఎలా పనిచేసేది? మోడ్7 గారూ, పేరు పెట్టుకున్నందుకు మీరే చెప్పాలి.

మోడ్7

చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

పాత పాల్ అనే పద్ధతి టీవీ సిగ్నల్‌లో ఒక ఫ్రేముకి 625 గీతలు. వాటిలో బొమ్మకి వాడేది 576 మాత్రమే. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ కిరణం కిందికి చేరాక మళ్లీ పైకి రావడానికి కొంత టైం కావాలి, ఆ టైంలో వచ్చే గీతలు ఖాళీ. ఆ ఖాళీ గీతల్లో అక్షరాలు దూర్చి పంపొచ్చని బ్రిటన్ ఇంజినీర్లు కనిపెట్టారు. ఒక్కో గీతలో తెర మీద ఒక వరస, అంటే 40 అక్షరాలు. అలా 1974 సెప్టెంబరులో బీబీసీ సీఫాక్స్ అనే టెలిటెక్స్ట్ సేవ మొదలైంది, 2012 అక్టోబరులో ఆగింది. వార్తలు, వాతావరణం, క్రికెట్ స్కోరు, సబ్‌టైటిల్స్ అన్నీ. పేజీ నంబరు కొట్టి ఆగితే, ఆ పేజీ వంతు వచ్చినప్పుడు టీవీ పట్టుకుని చూపిస్తుంది. టీవీ నుంచి తిరిగి వెళ్లే దారే లేదు, కాబట్టి మీరు ఏ పేజీ చదివారో ఎవరికీ తెలిసే వీలు లేదు. ఇది నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

బీబీసీ మైక్రోలో మోడ్ 7 అంటే అదే టెలిటెక్స్ట్ తెర. 40 అక్షరాలు, 25 వరసలు, వెయ్యి బైట్లు, మొత్తం 1 కేబీలో సరిపోతుంది. రంగుల గ్రాఫిక్స్ కావాలని మోడ్ 2లోకి వెళ్తే తెరకే 20 కేబీ పోతుంది, ఉన్నదే 32. అందుకే పెద్ద ప్రోగ్రామ్‌లు మోడ్ 7లో ఉండేవి. టెలిటెక్స్ట్ అడాప్టర్ తగిలిస్తే సీఫాక్స్ పేజీల్లో వచ్చే ప్రోగ్రామ్‌లను నేరుగా దింపుకోవచ్చు. దాన్నే టెలిసాఫ్ట్‌వేర్ అనేవారు. ఫోన్ బిల్లు లేదు, ఎంతమంది దింపుకున్నా సర్వర్ మీద భారం పడేది లేదు, ప్రసారం ప్రసారమే.

అక్షరపిచ్చి

ఆ టెలిటెక్స్ట్ అక్షరాలు మిగతా పాత కంప్యూటర్ అక్షరాలకంటే నున్నగా ఎందుకుంటాయి? ఎప్పటినుంచో సందేహం.

మోడ్7

ఎస్‌ఏఏ5050 అనే చిప్పు చేసే పని అది. లోపల దాచిన అక్షరం 5 చుక్కల వెడల్పు, 9 చుక్కల ఎత్తు, అంతే. తెర మీద గీసేటప్పుడు పక్క వరస కూడా చూసుకుంటుంది. రెండు చుక్కలు ఏటవాలుగా కలిసే చోట మెట్టులా కనిపించకుండా సగం చుక్కలు జోడిస్తుంది. నున్నదనం ఫాంట్‌లో లేదు, అప్పటికప్పుడు హార్డ్‌వేరే లెక్కగట్టి గీస్తుంది. ఏదైనా టెలిటెక్స్ట్ పేజీలో సున్నా మూల దగ్గర పెద్దది చేసి చూడండి, తెలిసిపోతుంది.

అక్షరపిచ్చి

చూశాను. ఈ రోజుకి ఇంక వేరే పని చేయను. ఇలాంటిదాని మీద గంట సినిమా తీస్తే నేను టికెట్ కొని వెళ్తాను. అసలు బీబీసీ మైక్రో పెట్టె గీసిన అలెన్ బూత్రాయిడ్ మీద, స్పెక్ట్రమ్ గీసిన రిక్ డికిన్సన్ మీద ఒక డిజైన్ డాక్యుమెంటరీ చూడాలనుంది నాకు. ఇద్దరూ పోయారు. ఒకరు స్కూలు బల్ల మీద పిల్లలు బాదినా చెక్కుచెదరని పెట్టె గీశారు, ఇంకొకరు పైసా పైసా లెక్కేసుకుంటూ కూడా అందంగా ఉండే పెట్టె గీశారు. పైన మోడ్7, నిశాచరి గొడవపడిన విషయమంతా ఆ రెండు పెట్టెల ఆకారంలోనే ఉంది.

రిబ్బన్_కేబుల్

మన దేశం ఊసు ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నా. 1984లో ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యాశాఖ కలిసి మొదలుపెట్టిన, బడుల్లో కంప్యూటర్ నేర్పే క్లాస్ ప్రాజెక్టులో మన స్కూళ్లకి వచ్చింది బీబీసీ మైక్రోలే. సెమీకండక్టర్ కాంప్లెక్స్ వాళ్లు దాన్నే యూనికార్న్ పేరుతో ఇక్కడ తయారుచేశారు. మా స్కూల్లో ఆ గదికి తాళం వేసి ఉంచేవారు, చెప్పులు బయట విడిచి వెళ్లాలి. ఆ ఎర్రటి ఫంక్షన్ కీల వరస, ఆన్ చేయగానే వచ్చే ఆ రెండు స్వరాల శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది.

కానీ మెషీన్ వచ్చింది గానీ బ్రిటన్‌లో దానికి వెన్నుదన్నుగా ఉన్న టీవీ సిరీస్ మాకు రాలేదు. మాకు దొరికినవి గదీ, తాళమూ, భయపడుతూ చెప్పే మాస్టారూ. మోడ్7 గారు అన్నట్టు అన్నీ ఒకే ప్లాను కింద నడవడం ఎందుకు ముఖ్యమో నాకు అక్కడే తెలిసింది.

అలాగని మన ప్రజా ప్రసారానికి ఆ సత్తా లేదనను. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలో, అమెరికా ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి నేరుగా టీవీ చేరింది. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి, తెలుగులోనే కార్యక్రమాలు. వ్యవసాయం, ఆరోగ్యం, బడి పాఠాలు. 1984 ఆగస్టు 15 నుంచి దూరదర్శన్‌లో యూజీసీ పాఠాలు మొదలయ్యాయి. డిజైన్ కావాలంటే అదీ ఉంది, దూరదర్శన్ కన్ను గుర్తు గీసింది అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీలో చదువుకుంటున్న విద్యార్థి. ఆ ఎన్‌ఐడీ పుట్టిందే అమెరికా డిజైనర్లు చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో రాసిన ఇండియా రిపోర్టు వల్ల.

కుదురుగా_చూస్తా

మా నాన్నగారు సైట్ గురించి కథలు కథలుగా చెప్పేవారు. సాయంత్రం బడి ముందు కోళ్ల జాలీతో చేసిన పెద్ద డిష్, దాని ముందు ఊరంతా.

ఫ్రేమ్_రేట్

అంతా బాగుంది గానీ ఒక మాట అంటాను, కోప్పడకండి. ఇప్పుడు ఈ పని యూట్యూబ్‌లో ఒంటరిగా కూర్చుని చేసేవాళ్లు ప్రజా చానళ్లకంటే బాగా చేస్తున్నారు. 6502ని బ్రెడ్‌బోర్డు మీద వైరు వైరుగా కట్టి చూపించేవాళ్లున్నారు. ఎవరూ లైసెన్సు ఫీజు కట్టనక్కర్లేదు. మూత విప్పి చూపించేది చూడాలనుకుంటే అక్కడ దొరుకుతుంది, పెద్ద సంస్థల కోసం ఎందుకు ఏడవాలి?

టేపురీలు

నేనూ అవన్నీ చూస్తాను, ఎంతో నేర్చుకున్నాను. కానీ అవి వెతుక్కుంటూ వెళ్లేవాడికి దొరుకుతాయి. 1982లో వేరే ఏదో చూద్దామని టీవీ పెట్టిన మనిషికి కంప్యూటర్ ఎదురైంది. ఆ మనిషికి ఇప్పుడు ఏం ఎదురవుతుంది? అతను నిన్న చూసినదాన్ని బట్టి ఇవాళ ఏది వస్తే అది.

ఇంకొకటి, దాచిపెట్టడం. 1986లో బీబీసీ డూమ్స్‌డే ప్రాజెక్టు తీసుకోండి. ఇంగ్లండ్‌లో 1086 నాటి డూమ్స్‌డే సర్వే పుస్తకానికి తొమ్మిదొందల ఏళ్లయిన సందర్భంగా, పది లక్షల మందికి పైగా, ఎక్కువగా బడిపిల్లలు, తమ ఊరి గురించి రాసి, ఫోటోలు తీసి పంపారు. అన్నీ లేజర్‌డిస్క్‌ల మీద పెట్టారు. చదవాలంటే ప్రత్యేకమైన ఫిలిప్స్ ప్లేయరూ, బీబీసీ మాస్టర్ కంప్యూటరూ కావాలి. పదిహేనేళ్లు గడిచేసరికి ఆ ప్లేయర్లు మూలపడ్డాయి. అసలు 1086 పుస్తకం మాత్రం ఇప్పటికీ చదువుకోవచ్చు. తర్వాత విశ్వవిద్యాలయాల వాళ్లూ, ఆసక్తి ఉన్నవాళ్లూ కష్టపడి దాన్ని బతికించారు. ఇప్పుడైతే డిస్క్ మీది లేజర్ సిగ్నల్‌ని ఉన్నదున్నట్టు పట్టుకుని సాఫ్ట్‌వేర్‌లో విప్పుతున్నారు. పైన చెప్పిన టెలిటెక్స్ట్ పేజీలను కూడా ఇళ్లలో రికార్డు చేసుకున్న వీహెచ్‌ఎస్ టేపుల నుంచి తిరిగి రాబడుతున్నారు. టేపు మీద సిగ్నల్ మసకబారి ఉంటుంది, అదే పేజీ మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి అన్ని కాపీలనూ పోల్చి అక్షరం తేలుస్తారు.

యూట్యూబ్ చానల్ ఓనరు రేపు విసిగిపోయి అన్నీ తీసేస్తే, భద్రపరచాల్సిన బాధ్యత ఎవరిది?

రిబ్బన్_కేబుల్

ఒక్క మనిషి దాచిన కథ కూడా ఉంది. ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే ఆవిడ, ఒకప్పుడు లైబ్రేరియన్, 1970ల చివరి నుంచి 2012లో చనిపోయేదాకా టీవీ వార్తలు రాత్రీ పగలూ రికార్డు చేశారు. దాదాపు 70,000 టేపులు. ఇప్పుడవి ఇంటర్నెట్ ఆర్కైవ్ దగ్గర ఉన్నాయి. ఆవిడ మీద 2019లో 'రికార్డర్' అని డాక్యుమెంటరీ వచ్చింది. యాపిల్ కంప్యూటర్లు కూడా గదుల నిండా పోగేశారు, కాబట్టి ఈ చర్చకి అన్ని రకాలా మనిషే.

అసలు ఇంట్లో టీవీ రికార్డు చేసుకోవడం తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984లో చెప్పిన తీర్పులో ప్రజా టీవీ మనిషి మాట ఉంది. ఫ్రెడ్ రోజర్స్. పిల్లల కార్యక్రమం నడిపిన ఆయన, కుటుంబాలు తమకు వీలైన టైంలో చూసుకోవడం మంచిదేనని సాక్ష్యం చెప్పారు. అదే రోజర్స్ 1969లో సెనేట్ ముందు కూర్చుని ఆరేడు నిమిషాలు మెల్లగా మాట్లాడి, ప్రజా టీవీకి కోతపెట్టబోయిన రెండు కోట్ల డాలర్లు నిలబెట్టారు. 2025లో మాత్రం అలా నిలబెట్టేవాళ్లు లేకపోయారు. అక్కడి ప్రజా టీవీ, రేడియోలకి డబ్బు పంచే పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్‌కి ఇవ్వాల్సిన 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసేసుకున్నారు, ఆ సంస్థ మూసివేత ప్రకటించింది. టేపురీలు చెప్పిన 'కంప్యూటర్ క్రానికల్స్' పుట్టింది అలాంటి ఒక చిన్న స్థానిక స్టేషన్‌లో. కోతతో మొదట నలిగేవి అవే.

ఫ్రేమ్_రేట్

స్థానిక స్టేషన్ల సంగతి నేను అంతగా ఆలోచించలేదు, అది ఆలోచించాల్సిందే. కానీ సంస్థ బతికుంటే చాలు మంచి కార్యక్రమాలు వాటంతట అవే వస్తాయని మాత్రం ఒప్పుకోను. డ్రోన్ సినిమాలు కొన్ని ప్రజా చానళ్లు కూడా తీస్తున్నాయి మరి.

పాతచిప్పు

తీస్తున్నాయి, నాకు కోపమూ అందుకే. బీబీసీ తన కంప్యూటర్ లిటరసీ ప్రాజెక్టు (మోడ్7 గారు చెప్పిన ఆ ఒకే ప్లాను) ఆర్కైవ్ మొత్తం 2018లో ఆన్‌లైన్‌లో పెట్టింది, 267 కార్యక్రమాలు, అందులో చూపించిన ప్రోగ్రామ్‌లు కూడా నడిపి చూసుకోవచ్చు. అంటే ఎలా తీయాలో వాళ్ల దగ్గరే నమూనా ఉంది. ఇక్కడ మీరంతా చెప్పినవాటిలో నాకు మొదట చూడాలనిపిస్తున్నవి 'డిజైన్ ఆ', 'ద మెషీన్ దట్ చేంజ్డ్ ద వరల్డ్'.

కొత్తమొక్క

ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా. నేను పుట్టేసరికే ఇవన్నీ అయిపోయాయి. బీబీసీ మైక్రో చేతిలో పెట్టుకుని చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? సెకండ్ హ్యాండ్‌ది కొనాలా?

సోల్డర్_సుబ్బు

ముందు కొనకు తమ్ముడూ. జేఎస్‌బీబ్ అని బ్రౌజర్‌లోనే నడిచే ఎమ్యులేటర్ (పాత మెషీన్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) ఉంది, ఉచితం. అందులో 'ఎలైట్' ఆడు. 1984 గేమ్. డేవిడ్ బ్రేబన్, ఇయాన్ బెల్ రాశారు. తెర పైభాగం చూడు, నలుపు తెలుపు గీతలు సన్నగా ఉంటాయి, కింద ప్యానెల్ రంగుల్లో ఉంటుంది. ఆ మెషీన్‌లో ఒకేసారి రెండు తెర మోడ్‌లు ఉండవు. తెర గీస్తుండగా సరిగ్గా ఆ గీత దగ్గరకి రాగానే మోడ్ మార్చేస్తారు, సెకనుకి యాభైసార్లు. అది కళ్లారా చూశాక పిచ్చి పట్టకపోతే అప్పుడు చెప్పు.

పట్టి నిజంగానే కొంటే మాత్రం, తెచ్చిన వెంటనే ప్లగ్గులో పెట్టొద్దు. పవర్ సప్లైలో మెయిన్స్ వచ్చే చోట పారదర్శకంగా, పసుపు రంగులో ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. నలభై ఏళ్లకి వాటి పైపొర సన్నగా పగిలి తేమ పట్టి ఉంటుంది. కరెంటు ఇవ్వగానే టప్‌మని పేలి గది నిండా తెల్లటి పొగ, ఆ వాసన రెండ్రోజులు పోదు. మిగతా బోర్డుకి సాధారణంగా ఏమీ కాదు, కానీ గుండె ఆగినంత పనవుతుంది. ఎక్స్2 రకం కొత్తవి తెచ్చి మార్చాలి. మెయిన్స్ పని కాబట్టి చేయి తిరిగినవాళ్ల చేత చేయించు.

మోడ్7

తెర మీద బొమ్మ తెప్పించే వీడియో యూఎల్ఏ చిప్పు మీద హీట్‌సింక్ (వేడి లాగే లోహపు ముక్క) ఉందో లేదో కూడా చూసుకో. పాత రకం యూఎల్ఏ అయితే బాగా వేడెక్కుతుంది.

ఇంకో చిన్న సంగతి. 1985 ఏప్రిల్ 26న ఏకార్న్ వాళ్లు తమ మొదటి ఆర్మ్ ప్రాసెసర్ చిప్పుని పరీక్షించింది బీబీసీ మైక్రోకి తగిలించే. బోర్డుకి పవర్ కలపడం మర్చిపోయినా చిప్పు నడుస్తూనే ఉంది, మీటరు సున్నా చూపిస్తోంది. ఇన్‌పుట్ పిన్నుల నుంచి లోపలికి జారిన కాస్త కరెంటుతోనే నడిచిందని ఫర్బర్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఇప్పుడు నువ్వు ఇది ఫోన్‌లో చదువుతుంటే, లోపల ఉన్నది దాని వంశమే.

కొత్తమొక్క

ఫోన్‌లోనే చదువుతున్నా! జేఎస్‌బీబ్ తెరిచాను, ఎలైట్ డిస్క్ పెట్టాను. ప్రాంప్ట్ వచ్చి ఆగిపోయింది, ఏం నొక్కాలి?

సోల్డర్_సుబ్బు

ఫోన్ వద్దు, కీబోర్డున్న కంప్యూటర్‌లో తెరువు. షిఫ్ట్ పట్టుకుని బ్రేక్ కొట్టాలి. ఎమ్యులేటర్‌లో బ్రేక్ అంటే ఎఫ్12. బ్రేక్ వదిలాకే షిఫ్ట్ వదులు.

కొత్తమొక్క

వచ్చింది! ఓడ తిరుగుతోంది. స్టేషన్‌లోకి దిగడం ఎలాగో చెప్పండి, రెండుసార్లు గోడకి గుద్దేశాను.

నిశాచరి_88

స్టేషన్ తిరిగే వేగానికి నీ ఓడని కూడా తిప్పు, ద్వారం అడ్డంగా కనిపించినప్పుడు మెల్లగా లోపలికి వెళ్లు. డబ్బులు చేరగానే డాకింగ్ కంప్యూటర్ కొనుక్కో. ఈ ఒక్క విషయంలో బీబీసీ వెర్షనే బాగుంటుంది, స్పెక్ట్రమ్ మనిషిగా చెబుతున్నా.